హ్యాండ్ బ్రేకు ఎందుకు పట్టదు?

కడప జిల్లాలో మా చాపాడు చుట్టుపక్కల నేల దాదాపు చదును. కె.సి. కాలువ కింద వరిమడులు, వాటి మధ్య రోడ్లు. ఇక్కడ కారును ఎక్కడ నిలిపినా అక్కడే ఉంటుంది. హ్యాండ్ బ్రేకు బలహీనపడినా చాలాకాలం ఎవరికీ తెలియదు. అదే కారు కడప దాటి, రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాటు మీద ఆగిందనుకోండి. అసలు పరీక్ష అప్పుడే. డ్రైవరు దిగాక, లోపల పిల్లలుండగా కారు మెల్లగా వెనక్కు కదిలితే ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు.

హ్యాండ్ బ్రేకు పట్టకపోతే చాలామంది చెప్పే మందు ఒక్కటే: "కేబుల్ బిగించండి." వెనుక చక్రాలకు డిస్కు బ్రేకులున్న కార్లకు ఈ మందు తరచు పనిచేయదు, ఒక్కోసారి కొత్త జబ్బు తెస్తుంది. ఎందుకో చూద్దాం.

డ్రమ్ము, డిస్కు

డ్రమ్ము బ్రేకులో చక్రంతోపాటు తిరిగే గుండ్రని డొల్ల ఉంటుంది. దాని లోపల ఉన్న రెండు షూలు బయటికి విచ్చుకుని డొల్లను ఒరుసుకుంటాయి. ఇందులో ఒక సౌకర్యం ఉంది. తిరగబోయే డ్రమ్ము షూను తనతో లాక్కుపోవాలని చూస్తుంది. ఆ లాగుడుకు షూ మరింత గట్టిగా బిగుసుకుంటుంది. అంటే మనం వేసిన బలానికి డ్రమ్మే కొంత బలం కలుపుతుందన్నమాట.

డిస్కు బ్రేకు సైకిలు బ్రేకు వంటిది. సైకిలు రిమ్మును రెండు వైపుల నుంచి రబ్బరు ముక్కలు పట్టుకున్నట్టే, తిరిగే పళ్లేన్ని రెండు ప్యాడ్లు నొక్కిపడతాయి. ఇంగ్లండులో లాంచెస్టరు దీనికి 1902లోనే పేటెంటు తీసుకున్నాడు. 1953లో ఫ్రాన్సులోని లెమాన్స్ పందెంలో డిస్కు బ్రేకులున్న జాగ్వార్ కారు గెలిచాక దీని పేరు మారుమోగింది. గాలి బాగా తగలడంవల్ల డిస్కు త్వరగా చల్లారుతుంది. ఐతే డ్రమ్ము చేసినట్టు ఇది బలాన్ని పెంచదు. మొత్తం బలం మన చేతి నుంచే రావాలి.

ఎంత బలం కావాలి?

ఒక చిన్న లెక్క. కారు బరువు 1200 కిలోలు. వాలు 10లో 1, అంటే 10 మీటర్ల దారికి 1 మీటరు ఎత్తు. అప్పుడు కారును కిందికి లాగే బలం 120 కిలోలు. వెనుక చక్రాలు రెండు కాబట్టి ఒక్కోదాని వాటా 60 కిలోలు. చక్రం వ్యాసార్థం 30 సెం.మీ.; ప్యాడ్లు పట్టేది ఇరుసుకు 12 సెం.మీ. దూరంలో. బలభ్రామకాలు సమానం కావాలి కనుక అక్కడ కావలసిన ఘర్షణ 60 × 30 ÷ 12 = 150 కిలోలు. ఒక్కో ప్యాడుకు 75. ఘర్షణ గుణకం 0.4 అనుకుంటే, ప్యాడ్లు డిస్కును సుమారు 187 కిలోల బలంతో నొక్కాలి. ప్యాడుకు నూనె అంటి గుణకం 0.2కు పడిపోతే 375 కిలోలు కావాలి!

మన చెయ్యి లాగేది సుమారు 20 కిలోలే. దాన్ని మొదట హ్యాండ్ బ్రేకు మీట పెంచుతుంది. ఆ బలాన్ని కేబుళ్లు రెండు చక్రాలకూ సమానంగా పంచుతాయి. చక్రం దగ్గర రెండు ఏర్పాట్లలో ఒకటి ఉంటుంది. కొన్ని కార్లలో ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపరు మీద చిన్న చెయ్యి వంటి మీట ఉంటుంది. కేబుల్ దాన్ని తిప్పితే లోపలి మర పిస్టన్‌ను తోస్తుంది. మరికొన్ని కార్లలో డిస్కు మధ్యభాగమే చిన్న డ్రమ్ము. దాని లోపల హ్యాండ్ బ్రేకు కోసమే రెండు చిన్న షూలుంటాయి. ఈ గొలుసులో ఏ కొక్కీ దగ్గర బలం పోతోందో కనిపెట్టడమే మన పని.

లక్షణాలను బట్టి రోగం

మొదట మీటను లాగుతూ "టిక్ టిక్" శబ్దాలు లెక్కపెట్టాలి. ఎన్ని ఉండాలో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

1. మీట బాగా పైకి వచ్చినా కారు నిలవడం లేదు: ఎక్కడో సందు పెరిగింది. కాలిపరులోగాని, షూల దగ్గరగాని సర్దుబాటు తప్పి ఉండవచ్చు. కేబుల్ సాగి ఉండవచ్చు.

2. మీట త్వరగా బిగుసుకుంది, కాని కారు కదులుతోంది: కేబుల్ తుప్పుపట్టి తన గొట్టంలో ఇరుక్కుని ఉండాలి, లేదా ఒరుసుకునే తలం చెడి ఉండాలి. చిన్న షూల ఏర్పాటులో ఇది ఎక్కువ. ఆ షూలు నిలిచిన కారునే పట్టుకుంటాయి కనుక అంతగా అరగవు. అరగకపోవడంవల్లే డ్రమ్ములో తుప్పు పేరుకుంటుంది.

3. ఒక చక్రమే పట్టింది: తప్పు ఆ రెండో వైపు కేబుల్‌లోనో మీటలోనో ఉంది. కేబుల్ కొస విప్పి చూస్తే తేలిపోతుంది. కేబుల్ హాయిగా జారితే తప్పు కాలిపరు మీటది, జారకపోతే కేబుల్‌ది.

4. బ్రేకు వదిలినా చక్రం వేడెక్కుతోంది: మీట పూర్తిగా వెనక్కు రావడం లేదు.

ఇప్పుడు "కేబుల్ బిగించండి" అనే మందు సంగతి. చాలా కాలిపర్లలో ప్యాడు అరిగేకొద్దీ సందును సర్దే మర లోపలే ఉంటుంది. బ్రేకు వదిలినప్పుడు కాలిపరు మీట వెనక్కు వచ్చి తన ఆపుకు తగిలితేనే ఆ మర సరిగా పనిచేస్తుంది. కేబుల్‌ను అతిగా బిగిస్తే మీట ఆపు దాకా రాదు. సర్దుబాటు ఆగిపోతుంది, ప్యాడ్లు ఊరికే ఒరుసుకుని వేడెక్కుతాయి. కొన్నాళ్లకు బ్రేకు మళ్లీ వదులవుతుంది. కనుక ముందు కాలిపరును, షూలను సరిచేసి, కేబుల్‌ను చివరగా చూడాలి.

ఈ పరీక్షలు మెకానిక్కు చేయవలసినవి. ముందు చక్రాలకు అడ్డు పెట్టాలి. కారును గట్టి స్టాండ్ల మీద నిలపాలి. ఉత్త జాకీ మీద ఉన్న కారు కిందికి ఎవరూ దూరకూడదు.

చల్లారితే వదులు

ఘాటు దిగి వచ్చిన కారు డిస్కులు బాగా వేడిగా ఉంటాయి. వేడికి లోహం వ్యాకోచిస్తుందని మీరు చదివారు. అప్పుడు హ్యాండ్ బ్రేకు వేస్తే పడుతుంది. తరువాత డిస్కు చల్లారి సంకోచించి కొద్దిగా పలచబడుతుంది. ప్యాడ్ల పట్టు సడలుతుంది. డ్రమ్ము చల్లారితే దీనికి విరుద్ధం: లోపలికి కుంచించుకుని షూలను మరింత బిగిస్తుంది. అందుచేత డిస్కు కారును వాలులో ఆపితే కొన్ని నిమిషాల తరువాత మీటను మరోసారి లాగాలి. ముందుభాగం ఎత్తువైపు ఉంటే మొదటి గేరు, పల్లంవైపు ఉంటే రివర్సు గేరు వేయాలి. చక్రం కింద ఒక రాయి పెట్టడం మన ఎద్దుబండ్ల కాలం నాటి తెలివి. ఈనాటికీ అది మంచిదే.

చేసి చూడండి: వాలు 5లో 1 అయితే పై లెక్కలో ప్యాడ్లు ఎంత బలంతో నొక్కాలి? గుణకం 0.2కు పడిపోతే?

(జవాబులు: 375 కిలోలు, 750 కిలోలు.)