కొందామా, అద్దెకు తీసుకుందామా? హోమ్ థియేటర్‌కి సినిమా వచ్చే దారులు

సంక్రాంతి సెలవులకి ఊరెళితే మా బాబాయి ఇంట్లో కొత్త ముచ్చట ఎదురైంది. మేడమీద గదిలో గోడకి వంద అంగుళాల తెర, వెనక 4కె ప్రొజెక్టరు, ఎప్పుడో కొన్న పాత ఆంప్లిఫయరుకి తగిలించిన అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫరు. "ఏరా, ఇంజనీరింగు చదువుతున్నావుగా, ఓ మంచి సినిమా పెట్టు" అన్నాడు బాబాయి. ఇంటిల్లిపాదీ చాపలు పరుచుకుని కూర్చున్నారు.

నేను ధీమాగా లాప్‌టాప్ తీసి, ఒక సర్వీసులో సినిమా అద్దెకి తీసుకున్నాను. పేజీ మీద 4కె అని ఉంది. కేబుల్ తీసుకెళ్లి ఆంప్లిఫయరుకి గుచ్చాను. బొమ్మ పడింది గానీ ముఖాలన్నీ నీళ్లలోంచి చూస్తున్నట్టు అలుక్కుపోయి ఉన్నాయి. "దీనికన్నా కింద హాల్లో పాత టీవీయే నయం" అంది పిన్ని. ఇంటర్వెల్ దాకా వచ్చేసరికి కరెంటు పోయింది. మర్నాడు బంధువుల పెళ్లికి వెళ్లి, ఆ మరుసటి రాత్రి తిరిగొచ్చి మిగతా సగం చూద్దామంటే అద్దె గడువు అయిపోయింది. సగం సినిమాకి పూర్తి డబ్బులు! "ఇదేనా మీ కాలేజీలో నేర్పేది?" అని బాబాయి నవ్వేశాడు గానీ నాకే తల కొట్టేసినట్టయింది.

హాస్టల్‌కి వచ్చాక కూర్చుని చదివితే అర్థమైంది: తప్పు ప్రొజెక్టరుదీ కాదు, నెట్‌దీ కాదు. డబ్బు కట్టేముందు నేను చూడాల్సినవి చూడలేదు. మీకూ ఆ అవస్థ రాకూడదని ఈ వ్యాసం.

ఉన్న దారులు ఎన్ని?

ఒక సినిమా చట్టబద్ధంగా మన తెర మీదకి రావడానికి ఇవాళ నాలుగు దారులున్నాయి. ఒకటి, నెలకో ఏడాదికో చందా కట్టే ఓటీటీ. రెండు, ఒక్క సినిమాకి మాత్రం డబ్బు కట్టే అద్దె. యూట్యూబ్, యాపిల్ టీవీలలో ఇది ఎప్పట్నుంచో ఉంది. ప్రైమ్ వీడియో మన దేశంలో 2022 ఏప్రిల్‌లో మొదలుపెట్టింది. మూడు, అదే స్టోరులో ఎక్కువ డబ్బు కట్టి "కొనుక్కోవడం". నాలుగు, బ్లూరే డిస్కు. వీటితోపాటు హక్కులున్నవాళ్లే యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టిన పాత సినిమాలు. ఆ సంగతి చివర్లో చెప్తాను.

అద్దెలో ముందు తెలుసుకోవాల్సింది గడువు. డబ్బు కట్టాక మొదలుపెట్టడానికి సాధారణంగా 30 రోజులు ఇస్తారు. కానీ ప్లే నొక్కిన క్షణం నుంచి 48 గంటలే. మనం చూస్తున్నా, కరెంటు పోయినా, పెళ్లికి వెళ్లినా గడియారం ఆగదు. కాబట్టి "ఆడుతుందో లేదో చూద్దాం" అని ముందురోజు ప్లే నొక్కకండి. పరీక్షించాలంటే ట్రైలర్ పెట్టి చూడండి.

4కె అనే ముద్ర, బిట్‌రేటు అనే నిజం

4కె అంటే 3840 × 2160 పిక్సెళ్లు. అది పాత్ర సైజు మాత్రమే. అందులో ఎంత పోశారన్నది బిట్‌రేటు చెప్తుంది, అంటే సెకనుకి ఎన్ని బిట్లు వస్తున్నాయన్నది.

చిన్న లెక్క వేద్దాం. రెండున్నర గంటల తెలుగు సినిమా అంటే 9,000 సెకన్లు. 4కెకి 15 ఎంబీపీఎస్ నెట్ ఉండాలని నెట్‌ఫ్లిక్స్ చెబుతుంది. అంత వేగం మొత్తం వాడుకుంటుందనుకుంటే 15 × 9,000 ÷ 8, అంటే సుమారు 17 జీబీ. మామూలు బ్లూరే డిస్కులో వీడియో గరిష్ఠంగా 40 ఎంబీపీఎస్ దాకా వెళ్లొచ్చు. ఆ లెక్కన 45 జీబీ. డబుల్ లేయర్ డిస్కు 50 జీబీ ఎందుకుంటుందో ఇప్పుడు తెలిసిందా? మన చిన్నప్పటి వీసీడీ 352 × 288 బొమ్మ, 1.15 ఎంబీపీఎస్. అందుకే ఒక్క సినిమాకి రెండు మూడు డిస్కులు మార్చాల్సి వచ్చేది.

ఇప్పుడు మన హాస్టల్లో చేతులు మారే 1.5 జీబీ "హెచ్‌డీ" ఫైలు సంగతి చూడండి. పేరు రాయను, ఆ సైటు మీకూ తెలుసు. 1.5 జీబీని 9,000 సెకన్లకి పంచితే దాదాపు 1.3 ఎంబీపీఎస్. వీసీడీకి కాస్త ఎక్కువ! కొత్త కోడెక్‌లు తెలివైనవి కాబట్టి ఫోన్లో బాగానే కనిపిస్తుంది. వంద అంగుళాల తెర మీద వేస్తే రాత్రి సీన్లలో చీకటి గళ్లుగళ్లుగా విడిపోతుంది. పైగా 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సినిమాని దొంగతనంగా రికార్డు చేసినా, పంచినా 3 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, కనీసం 3 లక్షల జరిమానా. పది లక్షల ప్యాకేజీ కోసం చదువుతూ ఆ రిస్కు ఎందుకు చెప్పండి?

స్ట్రీమింగ్‌లో ఇంకో సంగతుంది. సర్వరులో ఒకే సినిమా చాలా బిట్‌రేట్లలో, కొన్ని సెకన్ల ముక్కలుగా ఉంటుంది. నెట్ బాగుంటే ప్లేయరు పెద్ద ముక్క తెస్తుంది, బాగోకపోతే చిన్న ముక్క తెస్తుంది. అందుకే సాయంత్రం వీధంతా నెట్ వాడే వేళ బొమ్మ మెత్తబడుతుంది. డిస్కుకి ఈ బాధ లేదు.

అసలు మీ గదికి 4కె అవసరమా?

మంచి చూపున్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం దాకా వివరం పట్టగలదు. దీన్నిబట్టి లెక్కేస్తే 43 అంగుళాల టీవీలో 1080పి పిక్సెల్ దాదాపు అర మిల్లీమీటరు. 1.7 మీటర్లు దాటి కూర్చుంటే అది విడిగా కనబడదు. మనలో చాలామంది ఇళ్లలో సోఫా అంతకన్నా దూరంలోనే ఉంటుంది. అక్కడ పిక్సెళ్ల కోసం 4కె అద్దెకి అదనంగా కట్టడం దండగ. అదే వంద అంగుళాల తెర మీద 1080పి పిక్సెల్ 1.15 మిల్లీమీటర్లు, దాదాపు 4 మీటర్ల దాకా తేడా తెలుస్తుంది. మేం 3 మీటర్ల దూరంలో చాప వేసుకున్నాం. అంటే బాబాయి గదిలో 4కెకి అర్థముంది, నా గదిలో లేదు.

ప్రొజెక్టరు కొనేవాళ్లకి ఒక మాట. చౌక ప్రొజెక్టర్ల డబ్బా మీద "4కె సపోర్ట్" అని ఉంటే 4కె సిగ్నల్ తీసుకుంటుందని మాత్రమే అర్థం. లోపల 720పి ఉండొచ్చు. "నేటివ్ రిజల్యూషన్" అన్న గడి చూడండి.

నీళ్లు ఎక్కడ సన్నబడ్డాయి?

పైపు ఎంత లావుగా ఉన్నా మధ్యలో ఒక్కచోట సన్నగా ఉంటే చివర అంతే నీళ్లొస్తాయి. బాబాయి ఇంట్లో జరిగిందదే.

మొదటి సన్న జాగా లాప్‌టాప్ బ్రౌజరు. సినిమాకి తాళం వేసే పద్ధతుల్లో గూగుల్ వారి వైడ్‌వైన్ ఒకటి. అందులో ఎల్1 అంటే తాళం తీసే పనీ వీడియో విప్పే పనీ హార్డ్‌వేర్‌లోని సురక్షిత భాగంలో జరుగుతాయి. ఎల్3 అంటే అదంతా సాఫ్ట్‌వేర్‌లోనే. ఎల్3 పరికరాలకి చాలా సర్వీసులు తక్కువ రిజల్యూషనే పంపుతాయి. మనం 4కెకి డబ్బు కట్టినా సరే.

రెండోది పాత ఆంప్లిఫయరు. 4కె సినిమా కావాలంటే సర్వీసులు హెచ్‌డీఎంఐ దారిలో ఉన్న ప్రతి పరికరం నుంచీ హెచ్‌డీసీపీ 2.2 అడుగుతాయి. ప్రొజెక్టరుకి ఉండి మధ్యలోని డబ్బాకి లేకపోతే బొమ్మ స్థాయి తగ్గుతుంది, లేదా తెర నల్లబడుతుంది.

మందు సులువే. సర్వీసు గుర్తించిన స్ట్రీమింగ్ స్టిక్‌ని నేరుగా ప్రొజెక్టరుకి గుచ్చాలి. శబ్దాన్ని ప్రొజెక్టరు నుంచి ఆప్టికల్ కేబుల్‌తోనో, ఏఆర్‌సీ ఉంటే దానితోనో ఆంప్లిఫయరుకి పంపాలి. 5.1 దాకా ఇది చాలు.

డౌన్‌లోడ్ చేసుకుంటే సరిపోదా?

మన హాస్టల్ బుర్రకి మొదట తట్టేది ఇదే: కాలేజీ వైఫైలో దింపేసుకుని ఇంటికెళ్లి పెద్ద తెర మీద వేద్దామని. కానీ ఆప్‌లో డౌన్‌లోడ్ బటన్ ఉన్నది ప్రయాణంలో ఫోన్లోనో టాబ్లెట్‌లోనో చూసుకోవడానికి. ఆ ఫైలుకి తాళం ఉంటుంది, ఆ ఆప్ తప్ప ఇంకేదీ తెరవలేదు. పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే పనికిరాదు. అద్దె సినిమా దింపుకున్నా 48 గంటల గడువు మారదు. యాపిల్‌లో అయితే 4కె సినిమాని స్ట్రీమ్ చేయొచ్చు గానీ 4కెలో దింపుకోలేం. కాబట్టి డౌన్‌లోడ్ రైల్లోకి మంచిది, హోమ్ థియేటర్‌కి కాదు.

శబ్దం, భాష

స్ట్రీమింగ్‌లో వచ్చే డాల్బీ అట్మాస్ సాధారణంగా డాల్బీ డిజిటల్ ప్లస్ అనే కుదించిన రూపంలో వస్తుంది. బ్లూరేలో వచ్చేది ట్రూహెచ్‌డీ, నష్టం లేని రూపం. అది టీవీ మీదుగా ఆంప్లిఫయరుకి వెళ్లాలంటే ఈఏఆర్‌సీ ఉండాలి. మామూలు ఏఆర్‌సీ మోయలేదు. సౌండ్‌బార్ ఒక్కటే ఉన్నవాళ్లు దీని గురించి నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.

మనకి అంతకన్నా ముఖ్యం భాష. ఒకే సినిమా హక్కులు భాషకొకరి దగ్గర ఉంటాయి. 2022 మేలో "ఆర్‌ఆర్‌ఆర్" తెలుగు జీ5లో వస్తే, హిందీ నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. అప్పుడు జీ5 ముందు దాన్ని చందా ఉన్నవాళ్లకి కూడా అద్దె పద్ధతిలోనే ఇస్తామని, జనం గోల చేశాక చందాలోనే ఇచ్చింది. 2024లో "కల్కి 2898 ఏడీ" తెలుగు ప్రైమ్‌లో, హిందీ నెట్‌ఫ్లిక్స్‌లో. పోస్టరు చూసి డబ్బు కట్టేస్తే ప్రభాస్ మన ముందు హిందీలో మాట్లాడతాడు. పేజీలో ఆడియో భాషల వరస చదివాకే ముందుకెళ్లండి.

డబ్బు లెక్క

ధరలు మారుతుంటాయి కాబట్టి ఊహించి వేద్దాం. అద్దె 100, కొనుగోలు 500, చందా నెలకి 300 రూపాయలు అనుకోండి. అయిదుసార్లు కన్నా తక్కువ చూసే సినిమా కొనడం నష్టం. నెలకి మూడు సినిమాలు కూడా చూడని ఇంటికి చందా కన్నా అద్దె చౌక. ఒక్క సినిమా కోసం చందా తీసుకుని, ఆటో రెన్యువల్ ఆపడం మరిచి ఆర్నెల్లు కట్టినవాళ్లు మన వింగ్‌లోనే నలుగురున్నారు. గత మూడు నెలల్లో ఇంట్లో నిజంగా ఏమేం చూశారో కాగితం మీద రాయండి. "చూడొచ్చు" అనుకున్నవి కాదు, చూసినవి. జవాబు అక్కడే దొరుకుతుంది.

"కొను" అంటే కొన్నట్టేనా?

కాదు. స్టోరులో కొనడం అంటే చూసుకోవడానికి లైసెన్సు తీసుకోవడమే. ఆ స్టోరుకి హక్కులు పోయినా, మన ఖాతా మూతపడినా ఆ సినిమా మనది కాకుండా పోవచ్చు. పుస్తకాల విషయంలో ఇది 2009లోనే జరిగింది: జార్జ్ ఆర్వెల్ "1984" ప్రతుల్ని హక్కుల సమస్య వల్ల అమెజాన్ పాఠకుల కిండిల్‌ల నుంచి చెరిపేసి, డబ్బు వెనక్కిచ్చింది. నిఘా ప్రభుత్వం కాగితాలు తగలబెట్టే కథ ఉన్న పుస్తకానికే ఆ గతి పట్టడం విచిత్రం. ఇలాంటి గొడవల మూలంగానే కాలిఫోర్నియా రాష్ట్రంలో 2025 నుంచి చట్టం వచ్చింది: ఇచ్చేది లైసెన్సే అయితే ఆ సంగతి కొనేవాడికి స్పష్టంగా చెప్పకుండా "కొను" అనకూడదు.

నిజంగా మన చేతిలో ఉండేది డిస్కే. కానీ ఆ దారి సన్నబడిపోతోంది. ఇంటికి డిస్కులు పోస్టులో పంపడంతో మొదలైన నెట్‌ఫ్లిక్స్ 2023 సెప్టెంబరులో ఆ పని మానేసింది. కొత్త తెలుగు సినిమా డిస్కు మీద దొరకడం అరుదైపోయింది. దొరికిన మంచి సినిమాని మాత్రం వదలకండి.

నా సలహా ఇది: ఒక్కసారి చూసేదానికి అద్దె, నెలంతా చూసే ఇంటికి ఒక్క చందా, అదీ అవసరాన్నిబట్టి మారుస్తూ, ప్రాణంలా చూసుకునే సినిమాకి, దొరికితే డిస్కు. "కొను" బటన్ ఆఖరున.

మొన్న శివరాత్రికి మళ్లీ వెళ్లాను. స్టిక్ నేరుగా ప్రొజెక్టరుకి గుచ్చాను, ట్రైలర్‌తో పరీక్షించాను, అందరూ కూర్చున్నాకే ప్లే నొక్కాను. ఈసారి బొమ్మ చూసి పిన్ని ఏమీ అనలేదు. మా ఇంట్లో అదే మెచ్చుకోలు.

సినిమా అయ్యాక నానమ్మ మెల్లగా అడిగింది, "గుండమ్మ కథ వస్తుందేమిట్రా ఇందులో?" అని. యూట్యూబ్‌లో వెతికి పెట్టాను. 1962 నాటి నలుపు తెలుపు బొమ్మ, తెరకి రెండు పక్కలా నల్లటి ఖాళీ, శబ్దం మధ్య స్పీకరులోంచి మాత్రమే. నేను ఇంతసేపు చెప్పిన లెక్కల ప్రకారం అది ఏ పరీక్షా పాసవదు. రాత్రి ఒంటిగంట దాకా ఒక్కరు లేవలేదు. నానమ్మ డైలాగుల్ని తెర కన్నా ముందే చెప్పేస్తోంది.

ఆ ప్రింటు ఎన్నాళ్లు అక్కడ ఉంటుందో ఎవరూ హామీ ఇవ్వరు. అందుకే ఇప్పుడు ఊళ్లో పాత షాపుల్లో ఆ సినిమా డిస్కు కోసం వెతుకుతున్నాను.