రేడియో లైసెన్సు, పాటపై హక్కు

ఒకనాడు రేడియో గల ప్రతి గృహస్థుడును ఏటేటా తపాలా కచ్చేరికి పోయి, రుసుము చెల్లించి లైసెన్సు పుస్తకమును పునరుద్ధరించుకొనెడివాడు. 1933 నాటి చట్టము ప్రకారము లైసెన్సు లేని యంత్రము నింట నుంచుకొనుట నేరము. రుసుము కట్టితిమి గనుక పాటల ఖరీదును చెల్లినట్లేయని మాలో పలువురము తలచెడివారము. అది పొరపాటు. ఆ రుసుము ప్రభుత్వాదాయము. యంత్రమునకు అనుమతి మాత్రమే. 1985 నాటికి అదియు పూర్తిగా రద్దయినది.

పాటపై హక్కు వేరు. 1957 నాటి కాపీరైటు చట్టము సాహిత్యమునకు కవిని, బాణీకి స్వరకర్తను తొలి యజమానులుగా గుర్తించినది. సినిమా పాట దగ్గరనే చిక్కు వచ్చినది. నిర్మాత ప్రతిఫలమిచ్చి చేయించుకొన్నచో, వేరు ఒడంబడిక లేనప్పుడు, హక్కు నిర్మాతదేయని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. నాడు పుచ్చుకొన్న పైకముతో కవికి సరి; పిదప పాట ఎన్నివేలమార్లు ప్రసారమైనను అతని యింటికి దమ్మిడీ చేరనక్కరలేదు. ఇక పాడినవారి మాట చెప్పనేల! ఆ చట్టములో వారికి 1994 వరకు చోటే లేదు.

2012 నాటి సవరణ ఈ స్థితిని మార్చినది. సినిమాహాలులో చిత్రముతోపాటు వినిపించుట తప్ప, తక్కిన వినియోగములన్నిటను వచ్చు రాయల్టీలో కవికిని స్వరకర్తకును సమాన ప్రాతిపదికపై భాగము కలదు. అవసరము కొలది దానిని వదలుకొంటినని నిర్మాతకు సంతకము చేసియిచ్చినను చెల్లదు. మరణానంతరము 60 సంవత్సరముల వరకు అది వారసులకు ముట్టవలసినదే.