పొలము కొలుచుటకు ముందు యంత్రమును పరీక్షింపుడు

క్రిందటి వేసవిలో మేమొక గ్రామమునకు పోయినపుడు ఇద్దరన్నదమ్ములకు గట్టు తగవు నడచుచుండెను. తమ్ముడు చేతిఫోనుతో తన 10 సెంట్ల మడిచుట్టు నడచి, ఫోను 8 సెంట్లే చూపుటచే, అన్న గట్టు నరికెనని నిందించెను. మేము గొలుసు వేసి కొలువగా మడి సరిగా 10 సెంట్లుండెను. తప్పు అన్నది కాదు, ఫోనుది.

ధాన్యము తూచుటకు ముందు కాటా సరిచూచుకొను రైతు, భూమిని కొలుచు యంత్రమును మాత్రము చూడకయే నమ్ముచున్నాడు. ఇది తగదు.

ఈ యంత్రము పనిచేయు విధము తెలిసినచో లోపమును తెలియును. జీ.పీ.ఎస్. ఉపగ్రహములు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగుచు, తమ గడియారముల కాలమును పంపుచుండును. ఆ వార్త చేరుటకు పట్టిన కాలమునుబట్టి యంత్రము దూరమును లెక్కించును. ఇందుకు కనీసము 4 ఉపగ్రహములు కావలెను. సెకండులో నూఱుకోట్లవ వంతు కాలము తప్పినను 30 సెంటీమీటర్ల దూరము తప్పును. వార్త పై వాయుమండలమున ఆలస్యమగును; గోడలకు తగిలి చుట్టు తిరిగి వచ్చును; చెట్ల గుబురులలో బలహీనమగును. అందుచే తెఱపి ఆకాశము క్రిందను ఫోను సాధారణముగా 5 మీటర్లవఱకు తప్పవచ్చును.

పరీక్షలు రెండు కలవు.

మొదటిది: తెఱపి చోట నున్న యొక రాతిమీద యంత్రము నుంచి, కొన్ని నిమిషములు ఆగి, అక్షాంశ రేఖాంశములను వ్రాసికొనుడు. ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము, మఱునాడును అట్లే చేయుడు. రాయి కదలలేదు గనుక, అంకెలలోని భేదమంతయు యంత్రముదే. దశాంశ బిందువు తరువాతి అయిదవ అంకె ఒకటి మాఱిన, నేలమీద ఇంచుమించు 1 మీటరు మాఱినట్లు.

రెండవది: చదునైన బయలులో 66 అడుగుల గొలుసుతో చదరమొకటి కట్టుడు. దాని ప్రక్క 20.12 మీటర్లు, మూలనుండి మూలకు రెండు కొలతలును 28.45 మీటర్లుండవలెను. ఆ చదరము సరిగా 10 సెంట్లు. యంత్రముతో దానిచుట్టు అయిదుమార్లు నడువుడు. ఒకమారు 9, ఒకమారు 11 వచ్చినచో అది యంత్రపు చాంచల్యము. సగటు తీసిన కొంత సరిపడును. ప్రతిమారును ఎక్కువే వచ్చినచో, మీరు గీతకు వెలుపల నడచుచున్నారేమో చూచుకొనుడు.

మడి చిన్నదైనకొలది నష్టము పెద్దది. ప్రతి ప్రక్కయు 1 మీటరు లోపలికి వచ్చినచో, చదరమైన యెకరములో 6 సెంట్లు మాత్రమే తగ్గును, అనగా నూటికి 6. 10 సెంట్ల మడిలో దాదాపు 2 సెంట్లు తగ్గును, అనగా నూటికి 19. పై తగవునకు మూలమిదియే.

ఫోనును మర త్రిప్పి సరిచేయుటకు వీలులేదు. దీనికి మార్గము వేఱు. స్థానము ముందే నిశ్చయముగా తెలిసిన చోట నొక యంత్రమును స్థిరముగా నిలిపినచో, అది తన తప్పును తానే కనుగొని, చుట్టుప్రక్కల యంత్రములకు తెలుపును. అవి ఆ తప్పును తీసివేసికొని సెంటీమీటర్ల లెక్కకు వచ్చును. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశమున మొదలైన భూముల రీసర్వేలో వాడిన రోవర్లు ఈ పద్ధతివే. అట్టి యంత్రమునైనను ముందుగా తెలిసిన రాతిమీద నిలిపి చూపుమని సర్వేయరు నడుగుట తప్పు కాదు.

కావున సభ్యులు ఫోను కొలతను దున్నకపు కూలికి, విత్తనముల లెక్కకు, మందు చల్లుటకు వాడుకొనవచ్చును. దానిని చూచి సరిహద్దు రాతిని మాత్రము కదల్పరాదు. ఆ అన్నదమ్ములిద్దరును గొలుసు చదరముచుట్టు తామే నడచి ఫోను తప్పును కన్నులార చూచిరి. గట్టు ఉన్నచోటనే యున్నది. ఆ యేడు నారుమడి ఇద్దరును కలసియే పోసిరి.