ముగ్గుతో మన ఇల్లు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అంటారు పెద్దలు. రెండూ డబ్బుతో పని. రెండింటిలోనూ తప్పు జరిగితే సరిదిద్దుకోవడం కష్టం.

ఇంట్లో ఎక్కువసేపు ఉండేది ఎవరు? మనమే. వంట చేసేది, నీళ్ళు మోసేది, పిల్లల్ని, ముసలివాళ్ళను చూసుకునేది ఎక్కువగా మనమే. మరి ఇల్లు ఎలా ఉండాలో చెప్పేది ఎవరు? చాలాచోట్ల మేస్త్రి చెబుతాడు. ఇంటి మగవాళ్ళు తల ఊపుతారు. మనల్ని అడిగేసరికి గోడలు లేచిపోతాయి.

"ప్లాను గీయడం మనకేం తెలుసు?" అనుకోకండి. రోజూ వాకిట్లో ముగ్గు వేస్తాం. చుక్కల లెక్క తప్పం. గీత వంకర పోనివ్వం. ఇంటి ప్లాను కూడా గీతలే. కాగితం మీద గీసింది మనకు అర్థం కాకపోవచ్చు. నేలమీద గీస్తే అర్థమవుతుంది. అదెలాగో చూద్దాం.

స్థలం ఎంత ఉంది?

ముందు స్థలం కొలవాలి. ఒక సెంటు అంటే 48.4 చదరపు గజాలు. అడుగుల్లో చెబితే సుమారు 435 చదరపు అడుగులు. రెండు సెంట్లంటే సుమారు 870 చదరపు అడుగులు.

ఒక కుటుంబం ఉందనుకుందాం. భార్య, భర్త, అత్తగారు, బడికి పోయే కూతురు, కొడుకు. మొత్తం ఐదుగురు. వాళ్ళ స్థలం వెడల్పు 24 అడుగులు, పొడవు 36 అడుగులు. 24ను 36తో గుణిస్తే 864 చదరపు అడుగులు. అంటే రెండు సెంట్లకు కొంచెం తక్కువ.

టేపు లేకపోతే చేత్తో కొలవవచ్చు. జాన అంటే సుమారు 9 అంగుళాలు. రెండు జానలు ఒక మూర. కానీ అందరి చెయ్యి ఒకేలా ఉండదు. అందుకే ఒకసారి టేపుతో కూడా సరిచూసుకోవాలి.

ఎవరికి ఏం కావాలి?

గీత గీసేముందు ఇంట్లో అందరూ కూర్చోవాలి. ఎవరికి ఏం కావాలో చెప్పుకోవాలి. మన ఐదుగురు ఇలా చెప్పుకున్నారు.

భర్త అన్నాడు: "ముందుగది పెద్దగా ఉండాలి. నలుగురు వస్తే కూర్చోవాలి కదా!"

అత్తగారు అంది: "నాకు మోకాళ్ళ నొప్పులు. రాత్రిపూట చీకట్లో దూరం పోలేను."

కూతురు అంది: "నేను చదువుకోవడానికి కాస్త చోటు కావాలి. స్నానాల గదికి లోపల గడియ కావాలి."

కొడుకు అన్నాడు: "నాకు అరుగు కావాలి."

అందరూ చెప్పాక భార్య అంది: "నాకు పొగ లేని వంటిల్లు కావాలి. నీళ్ళు దగ్గరగా ఉండాలి."

ఐదుగురి మాటలూ ఒక కాగితం మీద రాసుకోండి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు కదా! డబ్బు తక్కువైనప్పుడు ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఆ కాగితం చూసి తేల్చుకోవచ్చు.

నేలమీద గీద్దాం

స్థలం చదును చేయండి. ముగ్గుపిండి గానీ, బూడిద గానీ తీసుకోండి. ఒక తాడు, నాలుగు మేకులు చాలు.

ముందు మూల సరిగ్గా ఉందో లేదో చూడాలి. దీనికి మేస్త్రులు వాడే లెక్క ఒకటుంది. మూల దగ్గర నుంచి ఒక గీత మీద 3 అడుగులు కొలవండి. రెండో గీత మీద 4 అడుగులు కొలవండి. ఆ రెండు గుర్తుల మధ్య ఐమూలగా కొలిస్తే సరిగ్గా 5 అడుగులు రావాలి. రాకపోతే మూల వంకర పోయినట్టే.

గోడకు ఒక గీత చాలదు. ఇటుక గోడ మందం సుమారు 9 అంగుళాలు, అంటే ఒక జాన. అందుకే జానెడు దూరంలో రెండు గీతలు గీయండి. అప్పుడు గదిలో మిగిలే చోటు ఎంతో తెలుస్తుంది. తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా గీయండి. లేకపోతే తలుపు వెళ్ళి మంచానికి తగులుతుంది.

మన కుటుంబం ఇంటికి 16 అడుగుల వెడల్పు, 26 అడుగుల పొడవు అనుకుంది. అంటే 416 చదరపు అడుగులు. ముందు 5 అడుగుల వసారా. ఆ వెనక ముందుగది. దాని వెనక పక్కపక్కనే వంటిల్లు, చిన్నగది. ఒక్కోటి 8 అడుగుల వెడల్పు.

భర్త ముందుగదికి 14 అడుగులు గీశాడు. వంటింటికి 7 అడుగులే మిగిలింది.

భార్య వాదన పెట్టుకోలేదు. ఆ గీతల మధ్య పొయ్యి పెట్టింది. రెండు బిందెలు పెట్టింది. బియ్యం డబ్బా పెట్టింది. పీట వేసి, "ఇలా వచ్చి కూర్చోండి" అంది. అతను కూర్చున్నాడు. "ఇప్పుడు లేచి ఆ డబ్బా తీయండి" అంది. అతను లేవబోతే మోకాలు బిందెకు తగిలింది. అతనేమీ అనలేదు. గీత చెరిపి మూడడుగులు ముందుకు జరిపాడు. ముందుగది 11 అడుగులైంది. వంటిల్లు 10 అడుగులైంది.

అత్తగారు ముందుగదిలో మంచం వేయించుకుని పడుకుని చూసింది. "రాత్రిపూట లేచి పెరట్లోకి పోవాలంటే అందర్నీ దాటుకుంటూ పోవాలి కదే" అంది. ఆమె మంచం చిన్నగదిలోకి మారింది. ఆ గదికి పెరటివైపు ఒక తలుపు గీశారు. మనవరాలు చదువుకోవడానికి అదే గదిలో కిటికీ పక్కన చోటు చూశారు.

ముగ్గుగీత చెరపడానికి చెయ్యి చాలు. గోడ పడగొట్టాలంటే కూలి, ఇటుక, సిమెంటు అన్నీ దండగే. అందుకే గీతల దగ్గరే అన్నీ తేల్చుకోవాలి.

వంటిల్లు

కట్టెల పొగ కళ్ళకూ ఊపిరితిత్తులకూ చెడ్డది. కట్టెల పొయ్యి ఉంటే పొగగొట్టం పెట్టించండి. అది ఇంటి కప్పు దాటి పైకి పోవాలి.

గ్యాసు పొయ్యి ఉంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. వంటగ్యాసు గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, నేలమీద పరుచుకుంటుంది. కాబట్టి పైన కిటికీ ఒక్కటే చాలదు. నేలకు దగ్గరగా కూడా గాలి పోయే సందు ఉండాలి. సిలిండరును గుంతలో పెట్టకూడదు. నిలబెట్టే ఉంచాలి. పొయ్యి సిలిండరుకంటే ఎత్తులో ఉండాలి.

నిలబడి వండే గట్టు ఎంత ఎత్తు ఉండాలి? మేస్త్రిని అడగకండి. మీ మోచేతిని అడగండి. నిలబడి మోచెయ్యి వంచండి. మోచేతికి బెత్తెడు కిందికి గట్టు వస్తే నడుము నొప్పి పుట్టదు.

నీళ్ళ లెక్క కూడా చూడండి. నీళ్ళు వంటింటికి 30 అడుగులేసే దూరంలో ఉన్నాయనుకుందాం. పోయిరావడానికి 60 అడుగులు. రోజుకు 15 సార్లు తిరిగితే 900 అడుగులు. అదే నీళ్ళ తొట్టి 10 అడుగులేసే దూరంలో ఉంటే? 300 అడుగులే. రోజుకు 600 అడుగులు మిగిలాయి. ఏడాదికి రెండు లక్షలు దాటుతాయి. అది కూడా బిందె మోసుకుంటూ!

మరుగుదొడ్డి, స్నానాల గది

"ముందు ఇల్లు కట్టుకోండి. అది తర్వాత చూసుకోవచ్చులే" అంటాడు మేస్త్రి. ఒప్పుకోకండి. తర్వాత అంటే చేతిలో డబ్బుండదు. మొదటి గీతల్లోనే దాని గీత కూడా ఉండాలి.

పల్లెల్లో రెండు గుంతల మరుగుదొడ్డి మేలు. 1970లో సులభ్ సంస్థను స్థాపించిన బిందేశ్వర్ పాఠక్ ఈ పద్ధతిని దేశమంతా ప్రచారం చేశారు. ఇది ఇలా పనిచేస్తుంది.

రెండు గుంతలు తవ్వాలి. ఒక్కోటి సుమారు 3 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు. రెంటి మధ్య 3 అడుగుల ఎడం ఉండాలి. గుంత చుట్టూ ఇటుకలను సందులు వదిలి కట్టాలి. అడుగున సిమెంటు చేయకూడదు. నీళ్ళు భూమిలోకి ఇంకిపోవాలి.

ఒకసారికి ఒక గుంతనే వాడాలి. ఐదుగురున్న ఇంట్లో అది నిండడానికి సుమారు మూడేళ్ళు పడుతుంది. నిండాక దాన్ని మూసి రెండోది వాడాలి. మూసిన గుంతను రెండేళ్ళు కదపకుండా ఉంచితే అందులోది వాసన లేని ఎరువవుతుంది. పొలానికి వేసుకోవచ్చు.

బావికీ బోరుకూ ఈ గుంతలు కనీసం 30 అడుగుల దూరంలో ఉండాలి. మీ బావే కాదు, పక్కింటివాళ్ళ బావి కూడా చూడండి. భూమిలో నీళ్ళు పైపైనే ఉండే ఊళ్ళలో ఇంకా దూరం కావాలి. అలాంటిచోట పంచాయతీ ఇంజనీరును అడగండి.

తలుపుకు లోపల గడియ, లోపల ఒక దీపం తప్పక ఉండాలి. ముసలివాళ్ళు పట్టుకుని లేవడానికి గోడకు ఒక ఇనుపకడ్డీ బిగించండి. ఖర్చు తక్కువ, ఉపయోగం ఎక్కువ. స్నానం నీళ్ళను వీధిలోకి వదలకండి. అరటిచెట్టుకో, కూరపాదుకో మళ్ళించండి.

గాలి, వెలుతురు, వాన

కిటికీకి ఎదురుగా కిటికీ ఉంటే గాలి ఆడుతుంది. వేడిగాలి పైకి పోతుంది. కాబట్టి కప్పు దగ్గర చిన్న కన్నాలు వదలాలి. సాయంత్రం దాకా ఎండ కొట్టేది పడమటి గోడకు. అటువైపు ఒక చెట్టు నాటండి.

వాస్తు చూసుకునేవాళ్ళు చూసుకోవచ్చు. కానీ దాని పేరు చెప్పి వంటింటికి కిటికీ లేకుండా చేస్తానంటే మాత్రం ఒప్పుకోకండి.

మీ ఊళ్ళో వరద నీళ్ళు ఎంతవరకు వచ్చాయో పెద్దవాళ్ళను అడగండి. ఇంటి నేల అంతకంటే ఎత్తులో ఉండాలి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. వేలమంది చనిపోయారు. సముద్రం దగ్గర ఊళ్ళలో గాలిదెబ్బ కూడా ఎక్కువ. ఉత్తరాంధ్ర తీరంలో వెనకటివాళ్ళు చుట్టిళ్ళు కట్టుకున్నది ఇందుకే. గుండ్రటి గోడను గాలి చుట్టి పోతుంది. కప్పు నేలకు దగ్గరగా వాలి ఉంటుంది. చదువుకోనివాళ్ళు కనిపెట్టిన తెలివి అది.

డబ్బు ఎలా?

లారీ బేకర్ అనే ఇళ్ళ నిపుణుడు ఉండేవారు. 1917లో ఇంగ్లండులో పుట్టారు. చాలాకాలం కేరళలో ఉండి, 2007లో కన్నుమూశారు. తక్కువ ఖర్చు ఇళ్ళు కట్టడంలో ఆయనకు పేరుంది. ఇటుకలను పక్కకు నిలబెట్టి, గోడ మధ్యలో ఖాళీ వదిలి కట్టే పద్ధతిని ఆయన బాగా వాడారు. దీనివల్ల నాలుగోవంతు దాకా ఇటుకలు మిగులుతాయి. ఇల్లు కూడా చల్లగా ఉంటుంది. ఈ పని తెలిసిన మేస్త్రి మీ దగ్గర ఉన్నాడేమో అడగండి.

గోడలో గూళ్ళు వదిలిస్తే బీరువా ఖర్చు తగ్గుతుంది. అన్నీ ఒకేసారి కట్టాలని లేదు. పునాది, వంటిల్లు, ఒక గది, మరుగుదొడ్డి ముందు. రంగులు, వసారా స్తంభాలు తర్వాత.

అప్పు తెచ్చేముందు లెక్క వేయండి. 50,000 రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు వడ్డీ 1,000 రూపాయలు. ఏడాదికి 12,000 రూపాయలు. అసలు అలాగే ఉంటుంది.

కాగితం మీద ఎవరి పేరు?

అన్నిటికంటే గట్టి గీత ఒకటుంది. అది పట్టా మీద మీ పేరు.

2016లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ కింద ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు, అంటే సుమారు 269 చదరపు అడుగులు ఉండాలి. అందులో వంటకు చోటు ఉండాలి. ఇంటిని భార్య పేరున గానీ, భార్యాభర్తలిద్దరి పేర్ల మీద గానీ ఇవ్వాలని చెప్పారు. తెలంగాణలో 2024 మార్చిలో ఇందిరమ్మ ఇళ్ళ పథకం మొదలైంది. అందులో 5 లక్షల రూపాయల సాయం, ఇల్లాలి పేరున ఇల్లు అన్నారు. ఇల్లు కనీసం 400 చదరపు అడుగులు ఉండాలని, వంటగది, మరుగుదొడ్డి ఉండాలని చెప్పారు. మన ఐదుగురి ఇల్లు 416 అడుగులు. సరిపోతుంది కదా!

పట్టా చేతికి రాగానే దాచేయకండి. చదవండి. మీ పేరు సరిగ్గా రాశారా? సర్వే నంబరు ఉందా? ఎన్ని గజాలు రాశారు? నాలుగు హద్దులూ సరేనా? తప్పుంటే వెంటనే కార్యాలయంలో చెప్పి దిద్దించుకోండి. కాగితం ఏదైనా సరే, చదవకుండా సంతకం పెట్టకండి.

చేసి చూడండి

1. మీరు ఇప్పుడున్న ఇంటి వంటిల్లు ఎన్ని అడుగులు? కొలిచి రాయండి.

2. వంటింటి నుంచి నీళ్ళకు ఎన్ని అడుగులు వేస్తున్నారు? రోజుకు మొత్తం ఎన్ని?

3. మీ ఇంట్లో ఒక్కొక్కరినీ "నీకేం కావాలి?" అని అడగండి. వాళ్ళు చెప్పింది రాయండి. మీకు కావలసింది కూడా రాయడం మరిచిపోకండి.

4. ఆ ఇంటిని వాకిట్లో ముగ్గుతో గీయండి. లోపలికి వెళ్ళి కూర్చోండి. ఎక్కడ ఇరుకుగా ఉందో చూడండి. ఆ గీత జరపండి.