గోడ కోతకు నీళ్లు తోడుండాలి

ఎండాకాలం సెలవులొస్తే ఇళ్లలో మరమ్మతులు మొదలవుతాయి. ఏసీ పైపుకు గోడలో ఒక రంధ్రం, వంటింటి చిమ్నీ గొట్టానికి ఇంకొకటి, కొత్త ప్లగ్ పాయింట్ల కోసం గాడులు, బాత్రూమ్‌లో పాత టైల్స్ పీకి కొత్తవి వేయడం... ఏదో ఒకటి తప్పదు. ఒకప్పుడు ఇవన్నీ సుత్తీ ఉలితో రోజుల తరబడి సాగేవి. ఇప్పుడు చేతిలో ఇమిడే కటింగ్ మెషిన్‌తో గంటలో అయిపోతున్నాయి. పని తేలికైంది గానీ దుమ్ము స్వభావం మారిపోయింది. సుత్తి దెబ్బకు రాలేవి పెళ్లలు, ముక్కలు. నిమిషానికి పది వేలసార్లకు పైగా తిరిగే బ్లేడు కింద రాలేది పొడి. అందులోనూ కంటికి కనిపించని పొడి.

ఈ పొడి వల్ల మా ఓపీకి రెండు రకాల వాళ్లు వస్తారు. ఇంట్లో పని జరుగుతుంటే ఆస్తమా తిరగబెట్టినవాళ్లు మొదటి రకం. నెబ్యులైజర్, ఇన్‌హేలర్, కొద్ది రోజుల మందులతో వీళ్లలో ఎక్కువమంది కోలుకుంటారు. అలాంటి ఇళ్లలో పదేళ్లు, పదిహేనేళ్లు గోడలు కోసినవాళ్లు రెండో రకం. వాళ్ల ఊపిరితిత్తులను మళ్లీ మామూలుగా చేసే మందు మా దగ్గర లేదు. ఈ వ్యాసం ఇంటి యజమానుల కోసమే అయినా, రాయడానికి కారణం ఎక్కువగా ఆ రెండో రకం వాళ్లే. ఎందుకంటే ఆ గోడను ఎలా కోయాలన్నది చాలాసార్లు యజమాని చేతిలోనే ఉంటుంది.

అసలు ఆ దుమ్ములో ఏముంది?

కాంక్రీటులో సిమెంటు పాలు తక్కువ, ఇసుకా కంకరా ఎక్కువ. ఇసుకలో ఉండేది ప్రధానంగా క్వార్ట్జ్, అంటే స్ఫటిక రూపంలోని సిలికా. ఇటుకలో, ప్లాస్టరింగ్‌లో, విట్రిఫైడ్ టైల్స్‌లో, గ్రానైట్‌లో కూడా సిలికా ఉంటుంది. మార్బుల్‌లో తక్కువ. ఈమధ్య వంటగట్లకు వేయిస్తున్న క్వార్ట్జ్ స్లాబుల్లో మాత్రం 90 శాతం దాటి కూడా ఉండొచ్చు. వాటిని కోసే యువకులకు చిన్న వయసులోనే ఊపిరితిత్తులు దెబ్బతింటున్నాయని తేలాక, ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఆ రకం రాళ్లనే నిషేధించింది.

మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. బ్లేడు నుంచి లేచే పొడిలో 4, 5 మైక్రాన్ల కంటే చిన్న కణాలూ ఉంటాయి. పెద్ద కణాలను ముక్కు, గొంతు ఆపేస్తాయి. ఈ చిన్నవి మాత్రం నేరుగా ఊపిరితిత్తుల చివర ఉండే గాలి గదుల దాకా చేరతాయి. అక్కడి రక్షణ కణాలు వాటిని మింగుతాయి కానీ అరిగించుకోలేవు. మింగిన కణం చచ్చి పగిలిపోతుంది, సిలికా మళ్లీ బయటపడుతుంది, ఇంకో కణం వచ్చి దాన్ని మింగుతుంది. ఇలా జరిగిన ప్రతిచోటా వాపు, ఆ తర్వాత గట్టి మచ్చ. స్పాంజిలా మెత్తగా ఉండాల్సిన ఊపిరితిత్తి గట్టిపడిపోతుంది. దీన్నే సిలికోసిస్ అంటారు. దుమ్ములో పని మానేసిన తర్వాత కూడా ఇది ముదరవచ్చు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కూడా ఈ దుమ్ము కారణమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే తేల్చింది. దానికి బీడీ, సిగరెట్ తోడైతే ముప్పు ఇంకా ఎక్కువ.

అమెరికాలో కార్మికుడు పీల్చే గాలిలో సిలికా 8 గంటల సగటున ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాములు మించకూడదని నియమం. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తున్న గదిలో గాలి సుమారు 34 ఘనపు మీటర్లు. అంటే ఆ గది గాలి మొత్తంలో 1.7 మిల్లీగ్రాముల సిలికా ఉంటే హద్దు చేరినట్లే. అది ఒకట్రెండు పంచదార పలుకులంత బరువు. ఇక కరెంటు పైపు కోసం పది అడుగుల గాడి కొట్టారనుకుందాం. అంగుళం లోతున, 3 మిల్లీమీటర్ల వెడల్పున రెండు గీతలు కోస్తే రాలే పొడి ముప్పావు కిలో నుంచి కిలో దాకా ఉంటుంది. అదంతా సిలికా కాదు, అంతా గాలిలో తేలదు, నిజమే. కానీ కిలో పొడిలో పంచదార పలుకంత సన్నటి దుమ్ము గాల్లోకి లేవడానికి ఎంతసేపు పడుతుంది?

టీబీ మందులు వాడినా తగ్గని దగ్గు

నలభై ఏళ్లు కూడా నిండని ఒక టైల్స్ మేస్త్రి భార్యతో కలిసి ఓపీకి వచ్చాడు. మెట్లెక్కితే ఆయాసం, రెండేళ్లుగా దగ్గు, బరువు తగ్గడం. అప్పటికే రెండుసార్లు టీబీ మందులు వాడాడు. సంచిలో ఉన్న కాగితాలన్నీ చూస్తే కళ్లె పరీక్షలో టీబీ క్రిములు ఒక్కసారీ కనబడలేదు. ఎక్స్-రేలో రెండు వైపులా పైభాగాల్లో ఆవాలు చల్లినట్లు చిన్న చిన్న మచ్చలు. "ఏం పని చేస్తావు?" అంటే "టైల్స్ పని సార్" అన్నాడు. "నీళ్లతో కోస్తావా, పొడిగానా?" అని అడిగితే భార్య జవాబిచ్చింది: "ఇంటికొచ్చేసరికి రెప్పలు కూడా తెల్లగా ఉంటాయి సార్."

సిలికోసిస్ ఎక్స్-రే చాలాసార్లు టీబీలాగే కనిపిస్తుంది. చిక్కేమిటంటే, సిలికోసిస్ ఉన్నవాళ్లకు నిజంగానే టీబీ వచ్చే ముప్పు మిగతావాళ్ల కంటే చాలా ఎక్కువ. కాబట్టి ఒకటి ఉంటే రెండోది లేదనుకోవడానికి వీల్లేదు. రాళ్లు, టైల్స్, కాంక్రీటు కోసే పనిలో ఉన్నవాళ్లు దగ్గుతో ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, అడిగినా అడగకపోయినా, ముందు తమ పని గురించి చెప్పాలి. ఎన్నేళ్లుగా చేస్తున్నారో కూడా చెప్పాలి. ఈ రెండు ముక్కలు తెలిస్తే ఎక్స్-రే చూసే కన్నే మారుతుంది.

బెల్లం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. సాయంత్రం ముక్క బెల్లం నోట్లో వేసుకుంటే ఒంట్లోని దుమ్మంతా దిగిపోతుందన్న నమ్మకం కూలీల్లోనే కాదు, వాళ్లకు ప్రేమగా బెల్లం పెట్టే ఇంటి ఇల్లాళ్లలో కూడా ఉంది. బెల్లం పోయేది కడుపులోకి, దుమ్ము చేరేది ఊపిరితిత్తుల్లోకి. పెట్టేవాళ్లు పెట్టండి, తప్పులేదు. కానీ దాంతో బాధ్యత తీరిందనుకోకండి.

ముఖానికి చుట్టుకున్న తువ్వాలు కూడా అంతే. నేతలోని సందులు ఆ కణాల కంటే ఎన్నో రెట్లు పెద్దవి. సర్జికల్ మాస్కు పక్కల నుంచి గాలి లోపలికి వస్తుంది. ఎన్95 మాస్కు ముఖానికి బిగుతుగా అతుక్కుంటే పనికొస్తుంది. గడ్డం ఉంటే సరిగా అతుక్కోదు. మండుటెండలో, మూసిన గదిలో దాన్ని రోజంతా పెట్టుకుని పని చేయమంటే అయ్యే పని కాదు. అందుకే దుమ్ము లేచిన తర్వాత మాస్కుతో ఆపడం కంటే అసలు లేవకుండా చూడటమే మేలు.

"నీళ్లతో కోస్తారా?"

పని ఒప్పుకునే ముందు మేస్త్రిని అడగాల్సిన ప్రశ్న ఇది. చాలామంది చెప్పే జవాబు నాకు తెలుసు: "నీళ్లు పోస్తే రొచ్చు రొచ్చయిపోద్ది సార్, డబ్బులు కూడా ఎక్కువవుతాయి." రెండూ నిజమే. అయినా ఆ రొచ్చును బకెట్లోకి ఎత్తెయ్యొచ్చు, ఊపిరితిత్తుల్లో గడ్డకట్టినదాన్ని ఎత్తలేం. బ్లేడు రాతిని తాకే చోటే నీళ్లు పడితే పొడి అక్కడికక్కడే తడిసి కిందికి జారుతుంది.

ఏసీ, చిమ్నీ, డ్రైనేజీ పైపుల రంధ్రాలకు కోర్ కటింగ్ చేసేవాళ్లను పిలవడం మంచిది. గుండ్రటి గొట్టంలాంటి డైమండ్ బిట్ నీళ్ల మధ్య తిరుగుతూ కాంక్రీటును దిమ్మలా తీసేస్తుంది. దుమ్ము దాదాపు ఉండదు, గోడ అదరదు, చుట్టూ పెచ్చులు ఊడవు. గాడుల విషయంలో నీళ్లు కష్టం. పక్కనే కరెంటు వైర్లుంటాయి. అక్కడ బ్లేడు చుట్టూ తొడుగు ఉండి, దుమ్మును అప్పటికప్పుడే పీల్చేసే వాక్యూమ్ బిగించిన మెషిన్ కావాలి. ఆ వాక్యూమ్‌కు హెపా ఫిల్టర్ ఉండాలి. మన ఇంటి మామూలు వాక్యూమ్ క్లీనర్ పెడితే సన్నటి పొడి వెనక నుంచి మళ్లీ గదిలోకే వస్తుంది.

ఒక హెచ్చరిక. నీళ్లతో కోయమన్నారు కదా అని మామూలు గ్రైండర్ మీద మగ్గుతో నీళ్లు పోయించకండి. అది షాక్ కొట్టి ప్రాణాలు తీస్తుంది. నీళ్ల గొట్టం అమర్చుకునేలా తయారైన మెషిన్ వేరుగా ఉంటుంది. దాన్ని కూడా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్న లైన్‌కే కలపాలి. గోడలో వైర్లు, గ్యాస్ పైపు ఎక్కడున్నాయో ముందే చూపించి, ఆ సర్క్యూట్ ఆపేయాలి. పిల్లర్లు, బీముల జోలికి వెళ్లాలంటే ఇంజనీరు మాట తప్పనిసరి. అది నా పరిధి కాదు కాబట్టి అంతటితో వదిలేస్తున్నాను.

షెడ్డు మీది పాత సిమెంటు రేకులను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పొడిగా కోయించొద్దు. వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది. ఆ పీచు వల్ల వచ్చే క్యాన్సర్ ముప్పై, నలభై ఏళ్ల తర్వాత కూడా బయటపడొచ్చు. బోల్టులు విప్పి, తడిపి, రేకును విరగకుండా దించాలి.

ఇంట్లో ఉండేవాళ్ల మాటేమిటి?

మన ఇంట్లో రెండు రోజులు గోడ కోసినంత మాత్రాన మనకు సిలికోసిస్ రాదు. ఆ భయం అక్కర్లేదు. ఆస్తమా, సీఓపీడీ ఉన్నవాళ్లు, పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు మాత్రం ఆ రెండు రోజులు బంధువుల ఇంట్లో ఉండటం మంచిది. కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లు పని పూర్తయి, ఇల్లు శుభ్రమయ్యేదాకా రాకూడదు. పాత గోడలు, ముఖ్యంగా చెమ్మ పట్టినవి పగిలితే ఆస్పర్‌జిల్లస్ అనే బూజు బీజాలు గాల్లోకి లేస్తాయి. ఆరోగ్యవంతులకు దాంతో సాధారణంగా ఏమీ కాదు. వీళ్లకు మాత్రం ప్రాణాంతకమైన న్యుమోనియా రావచ్చు.

పని జరిగే గది తలుపుకు ప్లాస్టిక్ షీటు టేపుతో అంటించి, గుమ్మం కింద తడిగుడ్డ పెట్టండి. కిటికీలు తెరవండి. సీలింగ్ ఫ్యాను, ఏసీ ఆపండి. తాగునీళ్లు, వండిన గిన్నెలు వేరే గదిలో మూత పెట్టి ఉంచండి. పని ముగిసిన వెంటనే చీపురు పట్టుకోవద్దు. మైక్రాను సైజు కణం గది పైకప్పు నుంచి నేలకు దిగడానికి గంటల సమయం పడుతుంది, చీపురు దాన్ని మళ్లీ లేపుతుంది. మర్నాడు పొద్దున తడిగుడ్డతో రెండుసార్లు తుడవండి. ఫ్యాను రెక్కలు, ఏసీ ఫిల్టరు మర్చిపోవద్దు. తడి రొచ్చును మాత్రం ఆరకముందే ఎత్తేయాలి. ఆరితే మళ్లీ దుమ్మే. డ్రైనేజీలోకి కడిగితే పైపులో గట్టిపడిపోతుంది.

ఆస్తమా ఉన్నవాళ్లు రోజూ వాడే ఇన్‌హేలర్ ఆ రోజుల్లో ఒక్క పూట కూడా మానకూడదు. ఒక్క వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, పెదాలు నీలంగా మారినా, పల్స్ ఆక్సిమీటర్‌లో 92 కంటే తక్కువ చూపించినా ఇంట్లో నెబ్యులైజర్ పెట్టుకుంటూ కూర్చోకుండా ఆస్పత్రికి బయల్దేరండి.

కంట్లో పొడి పడితే నలపకూడదు. సిమెంటులో క్షారం ఉంటుంది, అది కంటిని కాల్చేస్తుంది. కనీసం 15 నుంచి 20 నిమిషాలు ధారగా నీళ్లు పోస్తూ కడిగి, అప్పుడు కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. కళ్లద్దాలు పెట్టుకోకుండా బ్లేడు ఆన్ చేయనివ్వకండి. చప్పుడు కూడా తక్కువేం కాదు. 100 డెసిబెల్స్ చప్పుడులో చెవికి రక్షణ లేకుండా రోజుకు 15 నిమిషాలు మించి ఉంటే వినికిడికి ముప్పే. అందుకే పని చూడ్డానికి పిల్లలు పక్కన నిలబడకూడదు.

గ్రైండర్‌కు ఉండే రేకు తొడుగును చాలామంది అడ్డమని ఊడదీస్తారు. బ్లేడు ఇరుక్కుని ఎగిరినప్పుడు చేతికీ మెడకీ అడ్డుండేది అదే. గాయమైతే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి తీసుకురండి, పసుపు, కాఫీ పొడి చల్లకండి. వేలు తెగి విడిపోతే దాన్ని శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టి, ఆ కవర్ని ఐసు ముక్కల మీద ఉంచండి. వేలును నేరుగా ఐసులో వేస్తే కణజాలం దెబ్బతిని అతికించడానికి పనికిరాకుండా పోతుంది.

ఇక మీ ఇంటికి తరచూ వచ్చే మేస్త్రి ఏడాదికోసారైనా ఛాతీ ఎక్స్-రే తీయించుకుంటున్నాడేమో అడగండి. రాష్ట్రంలో భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు ఉంది, 1996 నాటి చట్టం ప్రకారం ఏర్పడింది. అందులో పేరు నమోదైతేనే బోర్డు ఇచ్చే సాయం అందుతుంది. రెండు, మూడు వారాలకు మించి దగ్గు ఉంటే టీబీ పరీక్ష, మందులు ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం. పరీక్షకు వచ్చేటప్పుడు పాత ఎక్స్-రేలు ఏ ఏడాదివైనా సరే, పారేయకుండా వెంట తెచ్చుకోమని చెప్పండి. కొత్తదాని పక్కన పాతది పెట్టి చూస్తేనే మచ్చలు పెరుగుతున్నాయో లేదో మాకు తెలుస్తుంది.