కంప్యూటరు మొరాయిస్తే

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్లలో ఎండాకాలం గాలివాన ఎట్లా ఉంటుందో అందరికీ తెలుసు. సాయంత్రం ఉన్నట్టుండి మబ్బు కమ్ముతుంది. గాలి లేస్తుంది. కరెంటు పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది.

అట్లాంటి వాన పడ్డ మరునాడు ఒక ఊళ్లో ఇలా జరిగిందనుకోండి. మహిళా సంఘాల లెక్కలు చూసే అమ్మాయి పొద్దున్నే తాళం తీసి కంప్యూటరు బటన్ నొక్కింది. తెర మీద ఏమీ రాలేదు. మళ్లీ నొక్కింది. తెర నల్లగానే ఉంది. కిస్తు కట్టడానికి వచ్చిన సభ్యులకు గుండె జారింది.

"మూడేండ్ల పొదుపు లెక్కలు అండ్లనే ఉన్నయి. అన్నీ పోయినట్టేనా బిడ్డా?" అంది ఒక పెద్దమ్మ.

"తెల్వదు పెద్దమ్మా. బజార్ల రిపేరు చేసేటాయన ఉన్నడు. ఫార్మాట్ కొడితే బాగైతదంటున్నడు" అంది ఆ అమ్మాయి.

ఫార్మాట్ అనే మాట దగ్గరే ఆగాలి. లెక్కలు ఉండేదీ పోయేదీ అక్కడే తేలుతుంది.

బీరువా తాళం పట్టేసిందనుకోండి. లోపలి చీరలు, కాగితాలు పోయినట్టా? కాదు. తలుపు తెరుచుకోవడం లేదు, అంతే. కంప్యూటరూ అలాంటిదే. అది లేవకపోవడం వేరు. అందులో రాసినవి పోవడం వేరు.

కంప్యూటరు పెట్టెలో చాలా సామాను ఉంటుంది. మనకు ముఖ్యమైనవి రెండు. ఒకటి ర్యామ్. ఇది పలక లాంటిది. పని జరుగుతున్నంత సేపు దీని మీద రాస్తుంది. కరెంటు పోగానే పలక తుడిచిపోతుంది. రెండోది హార్డ్ డిస్కు. ఇది నోటు పుస్తకం లాంటిది. కరెంటు లేకపోయినా ఇందులో రాసింది ఉంటుంది. 'సేవ్' నొక్కడమంటే పలక మీదిది పుస్తకంలోకి ఎక్కించడం. రాత్రి కరెంటు పోయేటప్పటికి సేవ్ చేయని నాలుగు వరుసలు పోయి ఉండవచ్చు. మూడేండ్ల లెక్కలు ఊరికే పోవు.

మరి కంప్యూటరు ఎందుకు లేవదు? చాలాసార్లు కారణం చిన్నదే. ముందు గోడ దగ్గర స్విచ్చి చూడాలి. ఆ ప్లగ్గులో ఫ్యాను గానీ ఫోను చార్జరు గానీ పెట్టి చూస్తే కరెంటు వస్తుందో లేదో తెలుస్తుంది. తర్వాత తెరకు వెళ్లే తీగలు గట్టిగా ఉన్నాయా చూడాలి. పెట్టె లోపల గాలిపంకా తిరిగే చప్పుడు వస్తూ తెర నల్లగా ఉంటే, తప్పు తెరది గానీ దాని తీగది గానీ కావచ్చు. ప్లగ్గు పీకేసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టి, మళ్లీ ప్లగ్గు పెట్టి చూడటం కూడా ఒక పద్ధతి. ఒక్కోసారి దీనితోనే లేస్తుంది.

బటన్ నొక్కగానే 'బీప్, బీప్' అని కూత వస్తే, చాలావరకు ర్యామ్ సరిగ్గా కూర్చోలేదని అర్థం. రిపేరు చేసేవారు దాన్ని ఊడదీసి, అంచులు రుద్ది, మళ్లీ పెడతారు. దేనితో రుద్దుతారో తెలుసా? పిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతోనే!

అసలు చప్పుడే లేకపోతే, కరెంటును కంప్యూటరుకు సరిపడేలా మార్చే పెట్టె కాలిపోయి ఉండవచ్చు. దాన్ని ఎస్.ఎం.పి.ఎస్. అంటారు. ఉరుములు మెరుపుల రాత్రి ప్లగ్గు పీకకుండా వదిలేస్తే ఎక్కువగా దెబ్బతినేది ఇదే. ఇది మారిస్తే సరిపోతుంది, పుస్తకం జోలికి పోనక్కరలేదు. కానీ ఈ పెట్టెను ఇంట్లో విప్పకూడదు. ప్లగ్గు పీకిన తర్వాత కూడా లోపల కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది. షాకు కొడుతుంది.

ఇంకొక చప్పుడు ఉంది. హార్డ్ డిస్కు నుంచి 'టక్ టక్' అని ఆగకుండా వస్తే వెంటనే ఆపేయాలి. లోపల తిరిగే రేకు, దాని మీద చదివే సూది దెబ్బతింటున్నాయని అర్థం. మళ్లీ మళ్లీ ఆన్ చేస్తే గీరుకుపోతుంది. అట్లాంటి డిస్కును దుమ్ము లేని ప్రత్యేకమైన గదిలోనే విప్పాలి. దానికి ఖర్చు ఎక్కువ. మామూలు దుకాణంలో మూత తీస్తే ఇక అంతే.

దుకాణానికి పోవాల్సి వస్తే ఎక్కడికి? శామీర్‌పేట వాళ్లయినా, మేడ్చల్ వాళ్లయినా సికింద్రాబాద్ బస్సెక్కితే చాలు. అక్కడ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. అందరూ సీటీసీ అంటారు. అందులో కంప్యూటర్ల దుకాణాలు, రిపేరు దుకాణాలు వరసగా ఉంటాయి. ఎక్కడికి పోయినా మొదటి మాట ఇదే కావాలి: "ముందు మా ఫైళ్లు తీసియ్యండి. తర్వాతనే రిపేరు చెయ్యండి." డిస్కును ఊడదీసి, తీగతో ఇంకో కంప్యూటరుకు తగిలిస్తే, అది బాగుంటే ఫైళ్లన్నీ కనిపిస్తాయి. వాటిని వేరే చోటికి దించుకోవచ్చు. ఈ పని జరిగేటప్పుడు పక్కన కూర్చోవడం మంచిది. ఇంటి ఫొటోలు, బ్యాంకు కాగితాలు అందులోనే ఉంటాయి కదా. పాత డిస్కు మారిస్తే దాన్ని అడిగి తెచ్చుకోవాలి.

ఫార్మాట్ అంటే ఏమిటి? పుస్తకంలో ఏ పాఠం ఏ పేజీలో ఉందో చెప్పే విషయసూచికను చించేసి, అంతా ఖాళీ అని రాసుకోవడం. ఆ పైన కొత్తగా రాయడం మొదలవుతుంది. పొరపాటున డిలీట్ చేసినా జరిగేది దాదాపు ఇదే. పేరు పోతుంది, పేజీ కొన్నాళ్లు ఉంటుంది. అందుకే వెంటనే ఆ కంప్యూటరు వాడటం ఆపితే, తిరిగి తీసే అవకాశం ఉంటుంది. వాడుతూ పోతే పాత రాత మీద కొత్త రాత పడుతుంది. కొత్త రకం ఎస్.ఎస్.డి. డిస్కుల్లో ఈ అవకాశం తక్కువ. అవి చెరిపిన పేజీని త్వరగా శుభ్రం చేసేస్తాయి.

లేవని కంప్యూటరు కథ ఒకసారి లోకమంతా జరిగింది. 2024 జూలై 19, శుక్రవారం. క్రౌడ్‌స్ట్రయిక్ అనే అమెరికా కంపెనీ కంప్యూటర్లకు కాపలా కాసే ప్రోగ్రాం అమ్ముతుంది. ఆ రోజు అది పంపిన ఒక ఫైలులో తప్పు ఉంది. గంటా పద్దెనిమిది నిమిషాలకే దాన్ని వెనక్కి తీసుకున్నారు. అప్పటికే దాదాపు 85 లక్షల కంప్యూటర్లు నీలం తెర చూపి కూర్చున్నాయి. మన శంషాబాద్ విమానాశ్రయంలో కూడా పని ఆగింది. ఉద్యోగులు విమానం ఎక్కే పాసులు పెన్నుతో రాసిచ్చారు! ఆ కంప్యూటర్లలో ఫైళ్లు చెరిగిపోలేదు. తప్పు ఫైలు ఒక్కటి తీసేస్తే మళ్లీ లేచాయి. కాకపోతే చాలా వాటి దగ్గరికి మనిషి పోయి, 'సేఫ్ మోడ్'లో తెరవాల్సి వచ్చింది. కొన్నింటికి బిట్‌లాకర్ అనే తాళం ఉంది. దానికి 48 అంకెల తాళంచెవి కావాలి. అది రాసిపెట్టుకోని వాళ్లు తిప్పలు పడ్డారు. కొత్త కంప్యూటరు కొంటే ఈ అంకెలు ఉన్నాయేమో అడిగి, కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

"మరి మీసేవల కంప్యూటరు ఖరాబైతే నా భూమి కాగితం పోతదా?" అని పెద్దమ్మకు అనుమానం వచ్చింది. పోదు. శామీర్‌పేటకు దగ్గరలోని మూడుచింతలపల్లిలోనే 2020 అక్టోబర్ 29న ధరణి పోర్టల్ మొదలయింది. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. ఆ వివరాలు మీసేవ కంప్యూటరులో ఉండవు. ప్రభుత్వం పెట్టుకున్న పెద్ద కంప్యూటర్లలో ఉంటాయి. మీసేవ కంప్యూటరు వాటిని చూపించే కిటికీ మాత్రమే. సంఘం లెక్కలు అలా కాదు. ఆ ఒక్క డబ్బాలోనే ఉంటే, డబ్బాకే ముప్పు.

అందుకే రెండో నకలు కావాలి. పెన్ డ్రైవ్ చాలు. కానీ నకలు తీశాక దాన్ని ఊడదీసి వేరే ఇంట్లో పెట్టాలి. 2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్ 150కి పైగా దేశాల్లో పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకు కూడా కొన్నింటికి సోకింది. అది ఫైళ్లకు తాళం వేసి, డబ్బులు అడిగింది. ఇట్లాంటి వైరస్ కంప్యూటరుకు తగిలించి ఉన్న పెన్ డ్రైవ్‌ను కూడా వదలదు.

మన ఊరి అమ్మాయి ఫార్మాట్ వద్దంది. సీటీసీకి పోయి, ఫైళ్లు తీయించి, ఎస్.ఎం.పి.ఎస్. మార్పించింది. లెక్కలన్నీ దొరికాయి. వాన పడ్డ సాయంత్రం ఎక్కించిన కిస్తులు మాత్రం లేవు. అప్పుడు పెద్దమ్మ సంచిలోంచి సంఘం పుస్తకం తీసింది. ఆ రోజు ఎవరు ఎంత కట్టారో ఆమే రాసింది. అక్షరాలు కొంచెం వంకరగా ఉన్నాయి. ఆమె ఒక్కో పేరు, దాని పక్కన అంకె చదువుతూ పోయింది. అమ్మాయి కంప్యూటరులో ఎక్కించి, ప్రతి వరుసకూ సేవ్ నొక్కింది.