అమ్మానాన్నలు అక్కడ, మనం ఇక్కడ: తిరిగొచ్చాక కుదురుకోవడం ఎలా?

వేసవి సెలవుల్లో ఊరెళ్లి డాలస్‌కు తిరిగొచ్చిన తెలుగువాళ్లలో చాలామందికి మొదటి వారం గడవడమే కష్టం. ఇల్లు మనదే, మంచం మనదే. మనసు మాత్రం కుదురుగా ఉండదు. అందుకు కారణాలున్నాయి, చేయగలిగిన పనులూ ఉన్నాయి.

తెల్లవారుజామున మూడింటికే మెలకువ ఎందుకొస్తుంది?

వేసవిలో డాలస్‌కూ హైదరాబాద్‌కూ పదిన్నర గంటల తేడా. ఇక్కడ తెల్లవారుజామున 3 అయితే అక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర. మొన్నటిదాకా అమ్మ కంచం పెట్టి పిలిచిన వేళ అది. నిద్రకూ ఆకలికీ వేళలు నిర్ణయించే చిన్న కణాల గుంపు ఒకటి మెదడులో ఉంటుంది. కంటిలో పడే వెలుతురును బట్టి అది నడుస్తుంది. రోజుకు సుమారు గంట చొప్పునే కొత్త వేళకు సర్దుకుంటుంది కాబట్టి వారం, పది రోజులు పట్టడం సహజం.

పగలు కాసేపు ఆరుబయట నడవండి. భోజనం ఇక్కడి వేళకే చేయండి. పగటి కునుకు అరగంట దాటనివ్వకండి. రాత్రి మెలకువ వస్తే లైటు వేయకండి, ఫోన్ తీయకండి. నిద్ర చాలనప్పుడు దిగులు మరీ ఎక్కువగా అనిపిస్తుంది. ఉద్యోగం మానేయడం, ఇల్లు అమ్మేయడం లాంటి నిర్ణయాలేవీ ఆ వారంలో తీసుకోకండి.

వెళ్లకముందు లేని దిగులు వెళ్లొచ్చాక ఎందుకు?

వీడియో కాల్‌లో కనబడేది ముఖం ఒక్కటే. ఊళ్లో ఉన్నప్పుడు ఇంకా చాలా చూశాం. నాన్న నాలుగు మెట్లెక్కి, రెయిలింగ్ పట్టుకుని ఆగిపోవడం చూశాం. అమ్మ మాత్రల డబ్బాలో నిన్న రాత్రి వేసుకోవలసిన మాత్ర అలాగే ఉండిపోవడం చూశాం. కళ్లారా చూసి కూడా ఏమీ చేయలేకపోతున్నామన్న బాధే ఈ దిగులు. ఎవరు ఎంత ఓదార్చినా ఇది తగ్గదు. చేతికో పని దొరికితే తగ్గుతుంది.

ఇంత దూరం నుంచి ఏ పని చేయగలం?

డాక్టరు దగ్గరికి తోడు వెళ్లడం ఊళ్లో ఉన్న తోబుట్టువులే చేయగలరు. అపాయింట్‌మెంట్ తీసుకోవడం, నెలకు సరిపడా మందులు ఆర్డరు పెట్టడం, కరెంటు బిల్లు కట్టడం మనం చేయవచ్చు. ఎవరికేది వీలో వాళ్లనే అడగండి. డబ్బు పంపుతున్నాం కదా అని పనులు పురమాయించకండి.

కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు ఏటా నవంబరులో ఇచ్చే జీవన ధ్రువీకరణ పత్రాన్ని ఇప్పుడు స్మార్ట్‌ఫోన్‌లో ముఖం చూపించి కూడా సమర్పించవచ్చు. దాన్ని గుర్తుపెట్టుకుని చేయించే బాధ్యత మీరు తీసుకోండి.

అంబులెన్సుకు 108, పెద్దల సహాయానికి ఎల్డర్‌లైన్ 14567. ఈ రెండూ పెద్ద అక్షరాలతో రాయించి ఫోన్ పక్కన అతికించమనండి. ఇవి ఇక్కణ్నుంచి కలిసే నంబర్లు కావు. అందుకే పక్కింటివాళ్ల నంబరు, డాక్టరు నంబరు మీ దగ్గరా ఉండాలి.

ఫోన్ ఎప్పుడు చేయాలి? ఏం మాట్లాడాలి?

అక్కడ ఉదయం 7 అయితే ఇక్కడ ముందురోజు రాత్రి 8.30. పెద్దవాళ్లు కాఫీ తాగి తీరిగ్గా ఉండే వేళ. నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి, మార్చి రెండో ఆదివారం మళ్లీ ముందుకొస్తాయి. అప్పుడు మారాల్సింది మన వేళే, వాళ్లది కాదు. చలికాలమంతా 7.30కే చేయండి. ఫోన్ కోసం ఎదురుచూసేవాళ్లకు ఆ గంట ఆలస్యమే పెద్ద కంగారు.

"తిన్నారా, మందులేసుకున్నారా" దగ్గరే ఆగిపోకండి. చారు ఘాటెక్కితే ఏం చేయాలో అమ్మను అడగండి. ఇల్లు కొనే విషయంలో నాన్న మాట తీసుకోండి. తమ అవసరం పిల్లలకు ఇంకా ఉందన్న ధైర్యం వాళ్లకు కావాలి.

వాళ్లు అక్కడుంటే మనం ఇక్కడ సంతోషంగా ఉండటం తప్పా?

కాదు. మన గొంతులో కాస్త నీరసం వినబడితే వాళ్లకు ఆ రోజంతా అన్నం సయించదు. స్నేహితుల ఇంటికి వెళ్లండి, పండగ చేసుకోండి, ఆ ఫొటోలు వాళ్లకు పంపండి. మళ్లీ ఏ నెలలో వస్తారో ఇప్పుడే చెప్పండి. అలా చెప్పాక అక్కడి పనుల్లో ఒకదాన్ని ఈ వారమే మీ వంతుగా తీసుకోండి. రెండిళ్లకూ కుదురు అక్కణ్నుంచే మొదలవుతుంది.